మమ్మల్ని చూసి గీయండి

మనిషి బొమ్మ గీయొద్దని మాకు చెప్పేవాళ్ళు ముగ్గురున్నారు. గీస్తే దోజఖ్‌కు పోతావని మా ముల్లాసాబ్ చెబుతాడు. ఎవరి బొమ్మ గీశావో చూసి చెయ్యి విరుస్తామని కాషాయం కట్టినవాడు చెబుతాడు. మూడోవాడు మర్యాదస్తుడు. మా భుజమ్మీద చెయ్యేసి, "మీ కల్చర్‌లో ఖుష్‌ఖతీ ఎంత గొప్పది భాయ్, అది చేసుకోవచ్చు గదా" అంటాడు. ఒకడు భయపెడతాడు, ఒకడు కొడతాడు, ఒకడు మెచ్చుకుంటాడు. ముగ్గురూ చేసేది మాత్రం ఒకటే పని. మా పిల్లల చేతిలోంచి బొగ్గుముక్క లాక్కోవడం.

ఆ బొగ్గుముక్క గురించే ఈ నాలుగు మాటలు. ఎదుట ఒక మనిషిని కూచోబెట్టి, ఆ మనిషిని చూస్తూ గీయడం నేర్చుకునే చదువు ఒకటుంది. లైఫ్ డ్రాయింగ్ అంటారు. ఆ చదువు మా పిల్లలకు కావాలని అడుగుతున్నాం. నగరాల్లో కాదు, కడప జిల్లాలో, జమ్మలమడుగు పక్కన, గండికోటలో కావాలని అడుగుతున్నాం. "సీమలో తాగడానికి నీళ్ళు లేవు, మీకు బొమ్మల క్లాసు కావాల్సొచ్చిందా?" అనేవాళ్ళకు కూడా జవాబు చెబుతాం. ముందు ఆ చదువేమిటో చూద్దాం.

మనిషి ఎదురుగా నిలబడతాడు. చుట్టూ నేర్చుకునేవాళ్ళు బోర్డులు ఒళ్ళో పెట్టుకుని కూచుంటారు. మొదట నిమిషం, రెండు నిమిషాల పోజులు. ఆ నిమిషంలో ముక్కూ మూతీ దిద్దే టైముండదు. బరువు ఏ కాలి మీదుంది, నడుం ఎటు వాలింది, భుజం ఎటు లేచింది, అంతే. తర్వాత పది నిమిషాలు, ఇరవై నిమిషాలు, గంట. చెయ్యి బారుగా చాపి, ఒక కన్ను మూసి, పెన్సిలు నిలబెట్టి తలకాయ కొలుస్తారు. ఆ తల ఎన్నిసార్లు పేరిస్తే నిలువెత్తు మనిషవుతాడో లెక్కేస్తారు. పుస్తకాలు ఏడున్నర తలలంటాయి. ఎదుట నిలబడ్డ మనిషి ఆరున్నరే ఉండొచ్చు. ఒంటికాలి మీద బరువేసి నిలబడితే, గొంతు కింది గుంట నుంచి నిలువుగా దించిన గీత ఆ కాలి మడమ దగ్గర పడుతుంది. బరువున్న వైపు తుంటి లేస్తుంది, భుజం దిగుతుంది. చేతికీ నడుముకీ మధ్య ఉండే ఖాళీని కూడా కొలిచి గీయాలి. ఆ ఖాళీ ఆకారం తప్పితే చెయ్యి తప్పినట్టే.

ఇంత చదువుకూ సూత్రం ఒకటే. నీకు తెలుసనుకున్నది గీయొద్దు, నీ కంటికి కనబడింది గీయి. కన్ను బాదంకాయలా ఉంటుందని అందరికీ తెలుసు. తలెత్తి ఆకాశంలో మబ్బు కోసం చూసే సీమ రైతు కన్ను ఏ బాదంకాయలానూ ఉండదు. ఉన్నదాన్ని చూసి గీయాలంటే, తెలుసనుకున్నదాన్ని పక్కన పెట్టాలి. చెప్పడానికి తేలిక. చేసి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది.

మన బళ్ళలో జరిగేది సరిగ్గా దీనికి తలకిందులు. మాస్టారు నల్లబల్ల మీద కుండ వేస్తాడు. పిల్లలు ఆ కుండను చూడరు, మాస్టారి గీతను చూసి దింపుతారు. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ అని సర్కారు పరీక్షలున్నాయి. సర్టిఫికెట్లున్నాయి. వాటితో ఉద్యోగాలొచ్చినవాళ్ళున్నారు, ఉద్యోగమొచ్చాక కుంచె ముట్టనివాళ్ళూ ఉన్నారు. అందుకే ఈ చదువు రోజూ బొమ్మ వేసి బతికే చిత్రకారుల దగ్గర నేర్వాలంటున్నాం. అలాంటివాడు పిల్లల పక్కనే కూచుని తానూ గీస్తాడు. వాడి గీతా తప్పుతుంది. చెరిపి మళ్ళీ గీస్తాడు. ఆ చెరిపి గీయడం పిల్లవాడు కళ్ళారా చూడడమే సగం చదువు.

ఇది తెలుగు నేలకు కొత్తేమీ కాదు. బొంబాయి జేజే స్కూల్లో 1919 ప్రాంతంలో, గ్లాడ్‌స్టన్ సాలమన్ కాలంలో, నగ్న మోడల్‌ను ఎదుట ఉంచి గీసే తరగతి మొదలైంది. ఆ రోజుల్లో అక్కడ చదివిన దామెర్ల రామారావు రాజమండ్రి తిరిగొచ్చి, 1920ల తొలినాళ్ళలో మిత్రులను కూడగట్టి చిత్రకళ బడి నడిపాడు. తాను గీస్తూ నేర్పాడు. 1925లో, ఇరవయ్యెనిమిదేళ్ళు నిండకుండానే మశూచితో పోయాడు. ఆయన తర్వాత వరదా వెంకటరత్నం లాంటి స్నేహితులు ఆ బడిని నిలబెట్టారు. నూరేళ్ళ కిందట గోదావరి ఒడ్డున సాధ్యమైంది ఇవాళ పెన్న ఒడ్డున ఎందుకు కాదు? గోదావరికి ఒక కళ, పెన్నకు ఒక కరువు అని ఎవరు పంచారు?

ఇక మా ముల్లాసాబ్ దగ్గరికి వద్దాం. మా ఇంటి తగువు మేమే ముందు తేల్చుకోవాలి.

బొమ్మలు గీసినవాళ్ళను ఖయామత్ రోజున వాటికి ప్రాణం పొయ్యమని అడుగుతారని హదీసుంది. మేం కాదనడం లేదు. ఇదే నా బతుకుదెరువని మొరపెట్టుకున్న చిత్రకారుడికి, ప్రాణం లేనివి, చెట్లూ చేమలూ గీసుకొమ్మని ఇబ్నె అబ్బాస్ చెప్పినట్టు కూడా ఉంది. హజ్రత్ ఆయిషా చిన్ననాడు బొమ్మలతో ఆడుకునేదనీ, వాటిలో రెక్కల గుర్రం ఒకటుంటే రసూల్ చూసి నవ్వారనీ హదీసుల్లోనే ఉంది. ఈ మూడో సంగతి మాకు ఏ జుమా బయానులోనూ వినబడలేదెందుకు? విగ్రహాలకు మొక్కే చోట, మొక్కొద్దని చెప్పడానికి పుట్టిన కట్టుబాటది. భుజం ఎముక ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవడానికి గీసిన బొమ్మకు ఎవరు మొక్కుతారు సాబ్? క్లాసయ్యాక చాలాసార్లు ఆ కాగితం చింపేస్తారు.

అల్లాకున్న పేర్లలో 'అల్ ముసవ్విర్' ఒకటి. రూపమిచ్చేవాడని అర్థం. ఉర్దూలో చిత్రకారుణ్ణి కూడా ముసవ్విర్ అనే అంటాం. ప్రాణమున్న దేన్ని గీసినా, అవయవం తర్వాత అవయవం పేర్చుకుంటూ పోయిన చిత్రకారుడు చివరికి దానికి ప్రాణం పొయ్యలేనని గ్రహిస్తాడనీ, అలా పోసినవాణ్ణి తలుచుకోక తప్పదనీ అక్బర్ అన్నట్టు అబుల్ ఫజల్ రాశాడు. నాలుగువందల ఏళ్ళు దాటిన మాట. లైఫ్ క్లాసులో ఒక్క గంట కూచున్న ఎవరికైనా అది నిజమని తెలుస్తుంది. ఎదుటివాడి ఊపిరి ఆడుతూనే ఉంటుంది, మన కాగితం మీది మనిషి కదలడు. అహంకారం అణిగేది అక్కడే.

పద్నాలుగో శతాబ్దం చివర్లో షీరాజ్‌కు చెందిన మన్సూర్ అనే హకీం మనిషి శరీరం మీద ఫార్సీలో ఒక గ్రంథం రాశాడు. తష్రీహె మన్సూరీ అంటారు. ఎముకలూ నరాలూ కండరాలూ చూపిస్తూ అందులో నిలువెత్తు మనిషి బొమ్మలున్నాయి, బట్టలు లేకుండా. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళలో ఈజిప్టు ముఫ్తీ ముహమ్మద్ అబ్దుహూ, బొమ్మల వల్ల దీన్‌కు ముప్పు లేనప్పుడు, చదువుకు పనికొచ్చే సాధనాన్ని షరియత్ నిషేధించదని వాదించాడు. 1908లో కైరోలో చిత్రకళ బడి తెరిచారు. మన దగ్గర మాత్రం ఏమీ జరగలేదా? 1909 నుంచి 1911 దాకా లేడీ హెరింగ్‌హాం అజంతా చిత్రాలకు నకళ్ళు తీయిస్తే, కలకత్తా నుంచి వచ్చిన నందలాల్ బోసు పక్కన కూచుని గీసినవాళ్ళలో హైదరాబాద్ నుంచి వెళ్ళిన సయ్యద్ అహ్మద్, ఫజ్లుద్దీన్ ఉన్నారు. నిజాం సర్కారు ఇటలీ నుంచి నిపుణుల్ని పిలిపించి ఆ గోడల్ని కాపాడింది. ఆ చిత్రాల మీద నాలుగు సంపుటాలు తెచ్చింది గులాం యజ్దానీ. అజంతాలో ఒంటి నిండా బట్ట కట్టిన బొమ్మలు ఎన్నున్నాయో మీకు తెలియంది కాదు. ఆ గోడల ముందు దీపం పట్టుకుని నెలల తరబడి నిలబడ్డ మా పెద్దలంతా దోజఖ్‌కు పోయారా?

మీరు హజ్‌కు పోవాలంటే పాస్‌పోర్టు ఫొటో కావాలి. ఆధార్‌కు ఫొటో కావాలి. ఎలక్షన్‌కు మీ మొహంతో ఫ్లెక్సీ కావాలి. మీ బయాన్లు ఇవాళ యూట్యూబులో కనబడుతున్నాయి. కెమెరా పట్టిన చెయ్యి హలాలూ, బొగ్గు పట్టిన చెయ్యి హరామూనా?

సిగ్గు మాట కూడా మాట్లాడదాం. ఒంటి మీద బట్ట లేని మనిషిని చూడడమేంటని అడుగుతారు. మయ్యత్‌కు గుస్ల్ ఇచ్చేవాళ్ళు మనలోనే ఉన్నారు. గుడ్డ కప్పి, నీళ్ళు పోసి, కుడివైపు నుంచి మొదలుపెట్టి, ఎంత అదబ్‌తో కడుగుతారో అందరం చూసిందే. పురుడు పోసిన దాయీ చూస్తుంది. నాడి పట్టిన హకీం చూస్తాడు. మనిషి ఒంటిని మర్యాదతో చూసే చూపు మా ఇళ్ళల్లో ఉంది. అది మాకు ఎవరో నేర్పాల్సిన పనిలేదు. అయినా మొదటి పాఠానికి నగ్నంగా ఎవర్నీ నిలబెట్టక్కర్లేదు. మగవాడికి నాభి నుంచి మోకాలి దాకా సతర్ అంటారు. సరే, ఉంచండి. గోచీ బిగించి బండలు మోసే మనిషి వీపూ భుజాలూ పిక్కలూ చాలు, ఏడాది పాటు నేర్వడానికి. వయసొచ్చాక, పెద్ద చదువులకు పోయాక, నగ్న మోడల్‌ను చూసి గీయాలా వద్దా అన్నది చదువుకునేవాళ్ళ ఇష్టం, మోడల్ ఇష్టం. మసీదు కమిటీ ఇష్టం కాదు.

మీరు వద్దన్నా ఊరి ఇస్లాం మనిషి ఒంటిని ఎన్నడూ వదల్లేదు. పీర్ల చావిడిలో మేం ఎత్తుకునేది లోహంతో చేసిన పంజా. అది మనిషి చెయ్యి. గూగూడు కుళ్ళాయిస్వామి దగ్గర హిందువులూ మేమూ కలిసి మొక్కేది ఆ పీర్లకే. మొహర్రానికి పులివేషం కట్టినవాడి ఒంటి మీద ఎండ్లూ చారలూ దిద్దేవాడు ఏ కండ ఎక్కడ కదులుతుందో తెలియకుండానే దిద్దుతాడా?

రెండోవాడి దగ్గరికి వద్దాం.

మక్బూల్ ఫిదా హుస్సేన్ బొంబాయి వీధుల్లో సినిమా హోర్డింగులు వేసి బతికినవాడు. లోహియా మాట మీద రామాయణాన్ని బొమ్మలు కట్టినవాడు. బద్రీవిశాల్ పిత్తీ అండతో, మన హైదరాబాదులో. 1970లలో గీసిన ఒక సరస్వతి రేఖాచిత్రాన్ని 1996లో ఒక పత్రిక తవ్వి తీసింది. ఆ ఏడే అహ్మదాబాదు గ్యాలరీ మీద దాడి జరిగింది. 1998లో ముంబైలో ఆయన ఇంటి మీద పడ్డారు. కేసుల మీద కేసులు పెట్టారు. 2006లో దేశం విడిచాడు. 2008లో ఢిల్లీ హైకోర్టు ఆ అశ్లీలం కేసుల్ని కొట్టేసింది. కోర్టు కొట్టేసినా వీధి కొట్టేయలేదు. 2010లో ఖతర్ పౌరసత్వం తీసుకున్నాడు, 2011 జూన్‌లో లండన్‌లో పోయాడు, అక్కడే మట్టిలో కలిశాడు. తొంభై అయిదేళ్ళ ముసలాయన. హైదరాబాదులో సినిమా ఘర్ కట్టుకున్న మనిషి.

గుళ్ళ గోపురాల మీద బట్టల్లేని దేవతలు వందల ఏళ్ళ నుంచీ ఉన్నారు. శిల్పి పేరు అడిగినవాళ్ళు లేరు. హుస్సేన్ దగ్గరికొచ్చేసరికి గీతను చూడలేదు, పేరును చూశారు. ఇదీ మా అభియోగం. బొమ్మ నచ్చలేదని చెప్పడానికి ఎవరికైనా హక్కుంది. హక్కు లేనిది, పేరు చూసి తీర్పు చెప్పడానికి.

మా వైపూ చెప్పుకోవాలి. అదే హుస్సేన్ 2004లో 'మీనాక్షి' సినిమా తీస్తే, అందులో ఒక ఖవ్వాలీలో ఖురాన్ మాటలున్నాయని మా జమాతులు గోల చేశాయి. ఆయన సినిమాను థియేటర్ల నుంచి వెనక్కి తీసుకున్నాడు. ఒకే మనిషిని అటు వాళ్ళూ ఇటు వాళ్ళూ కలిసి తరిమారు. త్రిశూలానికీ ఫత్వాకీ ఇంత స్నేహం మరెక్కడా చూడం.

ఇది ముస్లింల గొడవేనని తక్కిన తెలుగువాళ్ళు ఊరుకోవద్దు. 2007 మే నెలలో బరోడా ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీలో చదువుతున్న చంద్రమోహన్ శ్రీలమంతుల అనే తెలంగాణ విద్యార్థిని, పరీక్ష కోసం వేలాడదీసిన బొమ్మల మీద గొడవ చేసి అరెస్టు చేయించారు. పిల్లల్ని సమర్థించిన డీన్ శివాజీ పణిక్కర్‌ను సస్పెండ్ చేశారు. ఆ విద్యార్థికి పదకొండేళ్ళయినా డిగ్రీ చేతికి రాలేదు. 2018లో వీసీ ఆఫీసుకు నిప్పు పెట్టిన కేసులో మళ్ళీ జైలుకు పోయాడు. నిప్పు పెట్టడాన్ని మేం సమర్థించం. పదకొండేళ్ళు పట్టా ఇవ్వకపోవడాన్ని ఎవరు సమర్థిస్తారు? అతను సాయిబు కాదు. గ్యాలరీ దాటి తరగతి గదిలోకి వచ్చారని చెప్పడానికే ఈ మాట. జేజే స్కూల్లో మోడల్‌గా నిలబడి బతికే ఒక పేదరాలి కథతో తీసిన మరాఠీ సినిమా 'న్యూడ్'ను 2017 గోవా ఫిల్మోత్సవం నుంచి తీసేశారు. గీసేవాణ్ణే కాదు, గీయించుకునే పేదరాలినీ చూడనివ్వరన్నమాట.

కోర్టుల్లో మనం ఓడిపోలేదు. 1954లో అక్బర్ పదమ్సీ గీసిన 'లవర్స్' బొమ్మ మీద బొంబాయిలో అశ్లీలం కేసు పెడితే ఆయన గెలిచాడు. డెబ్బయ్యేళ్ళ తర్వాత, 2024 అక్టోబరులో, అదే పదమ్సీ, సూజాల నగ్న చిత్రాల్ని కస్టమ్స్‌వాళ్ళు పట్టుకుంటే, ప్రతి నగ్న చిత్రమూ అశ్లీలం కాదని బొంబాయి హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. డెబ్బయ్యేళ్ళకు ఒకసారి అదే పాఠం మళ్ళీ చెప్పించుకునే సమాజం, బొమ్మను చూడడం ఇంకా నేర్వలేదని అర్థం.

ఇప్పుడు మూడోవాడు. మా సెక్యులర్ మిత్రుడు. కోపం రాకుండా వినాలి.

మీరు మమ్మల్ని ఎన్నడూ చూసి గీయలేదు. తెలుసనుకుని గీశారు. మీ వారపత్రికల కార్టూన్లలో సాయిబు అంటే గళ్ళలుంగీ, మీసం లేని గడ్డం, టోపీ, మెడలో తాయెత్తు. మీ సినిమాల్లో సాయిబు అంటే 'నీకీ' 'నాకీ' అనే తెలుగు, కాదంటే సుర్మా పెట్టిన కళ్ళతో బాంబు. మంచి సాయిబైతే హీరో కోసం రెండో సగంలో చచ్చిపోతాడు. మీ కాన్వాసుల మీద మేమంటే చార్మినార్, పావురాలు, నల్ల బురఖా. బురఖాలోపల మనిషుందా లేదా అన్న అనుమానం కూడా రానివ్వని నలుపు. లైఫ్ డ్రాయింగ్ మాస్టారు ఎవరైనా ఈ బొమ్మలు చూస్తే చెరిపేయమంటాడు. ఎదుట మనిషిని పెట్టుకోకుండా గీసిన బొమ్మలివి.

నంద్యాలలోనో ప్రొద్దుటూరులోనో ఒక పూట నిలబడి చూడండి. పరుపులు కుట్టే దూదేకుల పెద్దాయన వీపు, ఏళ్ళ తరబడి ముందుకు వంగి వంగి ఏ వంపు తిరిగిందో చూడండి. నాపరాళ్ళ పాలిషు మిషను దగ్గర నిలబడ్డవాడి ముంజేయి చూడండి. లారీ కింద దూరిన మెకానిక్కు మోకాళ్ళు చూడండి. బీడీలు చుట్టే ఆపా వేళ్ళు చూడండి. వాళ్ళ ఒంటి మీద మతం ఎక్కడుందో వెతకండి. పని కనబడుతుంది. తిన్నదీ తిననిదీ కనబడుతుంది. పక్కన నిలబడ్డ బోయ మనిషికీ మాదిగ మనిషికీ మాకూ ఎక్కడ పోలికుందో, ఎక్కడ తేడా ఉందో అప్పుడు తెలుస్తుంది. కంటితో చూడకుండా చెప్పే ఐక్యతా, కంటితో చూడకుండా చెప్పే ప్రత్యేకతా రెండూ కొట్టుడు బొమ్మలే.

మాలో ఒకరి కొడుకు ఒక చిత్రకళ కాలేజీ ఇంటర్వ్యూకు పోయాడు. "మీలో బొమ్మలు గీయనివ్వరు గదా, మధ్యలో మానేస్తావా?" అని అడిగారు. అడిగినవాళ్ళు మంచివాళ్ళే, మతతత్వం మీద సభలు పెట్టేవాళ్ళే. ఆ రోజు ఇంటర్వ్యూకు వచ్చిన మరే పిల్లవాణ్ణీ ఆ ప్రశ్న అడగలేదు. పిల్లవాడి ఫోల్డరులో ఉన్న నలభై బొమ్మలు వాళ్ళు ప్రశ్న అడిగిన తర్వాత చూశారు. ముందు చూసుంటే ప్రశ్నే వచ్చేది కాదు.

గండికోట ఎందుకని అడుగుతారా? అక్కడ అందరూ బొమ్మలు గీస్తారు గనక. ఎవర్నీ గీయరు గనక.

ఎర్రమల కొండల్ని కోసుకుని పెన్న పారే ఆ లోయను చూడడానికి దేశం నలుమూలల నుంచీ వస్తారు. అమెరికాలో ఏదో లోయతో పోల్చి మురుస్తారు. డేరాలు వేస్తారు. కెమెరాలు, స్కెచ్ పుస్తకాలు తెస్తారు. జామియా మసీదు గీస్తారు, పక్కన మాధవరాయ ఆలయ గోపురం గీస్తారు, ధాన్యాగారం గీస్తారు. మసీదు గోడ మీద మనిషి బొమ్మ లేదు, గుడి స్తంభాల మీద మనుషుల బొమ్మలకు లెక్కలేదు. కానీ రెండిటి రాళ్ళనూ కొట్టి, మోసి, పేర్చింది మనుషుల భుజాలే. కోటలోపల ఇవాళ్టికీ ఊరుంది. మనుషులు కాపురముంటున్నారు. స్కెచ్ పుస్తకాల్లో వాళ్ళు లేరు. ఉంటే గోపురం ఎంత ఎత్తో చూపించడానికి గీసిన అంగుళమంత నిలువుగీత.

కథ మాత్రం చెబుతారు. పెమ్మసాని నాయకుల కోటను 1650లో గోల్కొండ సైన్యంతో వచ్చి మీర్ జుమ్లా పట్టుకున్న కథ. అతను గుళ్ళ రాగి విగ్రహాలు కరిగించి ఫిరంగులు పోయించాలనుకున్నాడని, 1652లో అక్కడికొచ్చిన టావెర్నియే రాసిపెట్టాడు. మేం దాన్ని దాచిపెట్టం. కథ చెప్పే గైడు ఆ చివర్లో మా టోపీ వైపు చూసే చూపు ఉందే, దాని గురించే మాట్లాడుతున్నాం. మీర్ జుమ్లా ఇరాన్ నుంచి వచ్చిన వజ్రాల వ్యాపారి. కొద్దేళ్ళలోనే తన సుల్తానును వదిలి మొగలుల కొలువుకు పోయాడు. బెంగాలు పోయాడు, అస్సాం మీద దండెత్తి 1663లో చచ్చాడు. అతను ఇక్కడ లేడు. మేమున్నాం. దూది ఏకినవాళ్ళం, బండలు కొట్టినవాళ్ళం, కరువుకు గంజి తాగినవాళ్ళం. నవాబులకూ సుల్తానులకూ చిత్తరువులున్నాయి. మాకు లేవు. మా మొహం గీసిపెట్టినవాళ్ళు లేరు గనకనే మీర్ జుమ్లా మొహం తెచ్చి మాకు అతికిస్తున్నారు.

చూడడమంటే ఎలాంటి చూపైనా పర్వాలేదని మేం అనడం లేదు. మా తాతల నోట ధాత కరువని వినబడే 1876-78 కరువులో మద్రాసు రాజధానిలో విల్లోబీ హూపర్ అనే తెల్ల అధికారి డొక్కలెండిన మనుషుల్ని వరుసగా కూచోబెట్టి ఫొటోలు తీశాడు. వాళ్ళకు కూడు పెట్టాడా అని ఆ కాలంలోనే ఎగతాళి చేశారు. అదీ చూపే. మనిషిని సామాను చేసే చూపు. 1943 బెంగాల్ కరువులో కలకత్తా ఆర్ట్ స్కూల్లో పాఠాలు చెప్పే జైనుల్ ఆబెదీన్ అనే యువకుడు వీధుల్లోకి పోయాడు. చవకరకం ప్యాకింగు కాగితం మీద నల్ల సిరాతో, పేవుమెంటు మీద చచ్చిపోతున్న తల్లుల్నీ పిల్లల్నీ గీశాడు. పది గీతల్లో ఒక మనిషి. కాకీ మనిషీ ఒకే కుండీ దగ్గర. అబద్ధం చెప్పిన గీత వాటిలో ఒక్కటి లేదు. 1948లో ఢాకా వెళ్ళి చిత్రకళ బడి పెట్టింది కూడా ఆయనే. గీసేవాడే నేర్పాలని మేమనేది ఇందుకే. ఆయన పేరు చూసి ఆ బొమ్మలు హరామన్న ముల్లా ఎవరైనా ఉంటే, ఆ తల్లి కళ్ళలోకి చూసి ఆ మాట చెప్పమనండి.

సీమలో ఎన్ని కరువులు పోయాయి, ఎందరు జైనుల్ ఆబెదీన్‌లు పుట్టారు? 2020లో గండికోట జలాశయం నింపినప్పుడు తాళ్ళప్రొద్దుటూరు లాంటి ఊళ్ళు మునిగాయి. మూటలు నెత్తికెత్తుకుని బయటికొచ్చిన వాళ్ళ నడక ఎలా ఉంటుందో గీసిపెట్టగల చెయ్యి ఆ ఊళ్ళలోనే ఒకటి తయారై ఉంటే? వార్తాఫొటో మర్నాటికి పాతబడింది. ఊరివాడు తన ఊరివాణ్ణి చూసి గీసిన బొమ్మ పాతబడదు. నీళ్ళు లేని సీమలో బొమ్మల క్లాసెందుకన్న పెద్దమనిషికి ఇదీ మా జవాబు. నీళ్ళు లేనివాణ్ణి, నీళ్ళలో మునిగినవాణ్ణి, ఇద్దర్నీ లెక్కలో చూపిస్తారు, మనిషిగా చూపించరు. మనిషిగా కనబడనివాడికి నీళ్ళూ రావు, పరిహారమూ రాదు.

కాబట్టి అడుగుతున్నాం. 2020లో కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్‌కు వైఎస్సార్ పేరుతో యూనివర్సిటీ పెట్టారు. గండికోట ఉన్నదీ ఆ జిల్లాలోనే. సెలవు రోజుల్లో ఆ కోటలో, ఉచితంగా, ఏ పిల్లలొచ్చినా కూచోనిచ్చే లైఫ్ డ్రాయింగ్ తరగతి నడపండి. చెప్పడానికి బొమ్మ వేసి బతికేవాళ్ళను పిలవండి. పేరున్న చిత్రకారుల్ని పిలవండి, వాళ్ళతోపాటు ఫ్లెక్సీ వచ్చి బతుకు పోగొట్టుకున్న మా బోర్డు పెయింటర్లనూ పిలవండి. నలభై అడుగుల కటౌటు మీద మొహం పోలిక తప్పకుండా గళ్ళు కట్టి దించినవాళ్ళు వాళ్ళు. హుస్సేన్ వచ్చింది ఆ నిచ్చెన మీంచే. మోడల్‌గా నిలబడే మనిషికి ఆ రోజు కూలికి తక్కువ కాకుండా డబ్బివ్వండి. ఇష్టం అడగండి. ఇరవై నిమిషాలకొకసారి కూచోనివ్వండి, నీళ్ళివ్వండి. ఫొటో తీయొద్దు. గీసిన బొమ్మ ముందు ఆ మనిషికే చూపించండి. తన వీపు ఎలా ఉంటుందో జన్మలో మొదటిసారి చూసుకుంటాడు. ఆడపిల్లలకు ఆడ చిత్రకారులతో, ఆడ మోడళ్ళతో వేరే పూట పెట్టండి. పర్దా సాకు చెప్పి వాళ్ళను ఇంట్లో కూచోబెట్టే వీలు మాకూ లేకుండా చేయండి. బాబ్రీ కూలిన తర్వాత రుమానా హుస్సేన్ అనే ముంబై చిత్రకారిణి తన ఒంటినే తన కళకు వస్తువు చేసుకుంది. మా ఇళ్ళల్లో అలాంటి ఆడపిల్లలు ఎందరున్నారో బొగ్గుముక్క చేతికిస్తే కదా తెలిసేది.

ముల్లాసాబ్, మీరూ రండి. కాసేపు కూచోండి. మా పిల్లలు మీ గడ్డాన్నీ, నుదుటి మీద సజ్దా మచ్చనూ చూసి గీస్తారు. జై అంటూ వచ్చిన అన్నా, నువ్వూ కూచో. కట్టిన గుడ్డ రంగు మా బొగ్గుకు తెలియదు, నీ భుజాల అలసట తెలుస్తుంది. సెక్యులర్ మిత్రమా, నువ్వు మాత్రం మోడల్‌గా కూచోవద్దు. నీకు బోర్డిస్తాం, కాగితమిస్తాం. నీ ఎదుట మేం కూచుంటాం. తెలిసింది పక్కన పెట్టి కనబడింది గీయి. మొదటి బొమ్మ తప్పుతుంది, చెరుపు. మళ్ళీ చూడు.